పదహారేళ్ళ పిల్ల దేశానికి ఆడుతుంటే మన ఊరికి తెలిసేలా చేయడం ఎట్ల

అనంతపురంలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు దగ్గర్లో మాకొక చిన్న జిరాక్స్ షాపు ఉంది, జతకు ఫ్లెక్సీ డిజైనింగు, ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా చేస్తాము. 2025 నవంబర్ 2 రాత్రి నవీ ముంబైలో మన ఆడపిల్లలు క్రికెట్ వరల్డ్ కప్ కొట్టినారు కదా, తెల్లారి నేను షట్టర్ ఎత్తేలోపే ఇద్దరు పిల్లోల్లు వచ్చి నిలబడినారు, అన్నా శ్రీ చరణి ఫ్లెక్సీ కావాల, ఎనిమిది బై ఆరు, ఇప్పుడే కావాల అని. ఆ టీంలో ఆడిన కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల, మన సీమ పిల్ల, నాకూ గుండె నిండిపోయింది, ఆ ఫ్లెక్సీకి డిజైన్ డబ్బులు కూడా తీసుకోలేదు. అది ప్రింట్ అవుతుంటే ఊరికే అడిగినాను, ఏమప్పా మొన్న అక్టోబర్ 31న బహ్రెయిన్‌లో ఏషియన్ యూత్ గేమ్స్ అయిపోయినాయి, కబడ్డీలో మన మగపిల్లలు, ఆడపిల్లలు ఇద్దరూ గోల్డ్ కొట్టినారు, తెలుసా అని. ఇద్దరూ కబడ్డీ ఆడేవాళ్ళే, సంక్రాంతికి పల్లెల్లో టోర్నమెంట్లు తిరుగుతారు, అయినా తెలీదు. అసలు అట్లాంటి గేమ్స్ ఉన్నాయనే తెలీదు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకు చెప్పినోళ్ళు ఎవురూ లేరు.

శ్రీ చరణికి ఇప్పుడు మన ఫ్లెక్సీతో పని లేదు, దేశమంతా తెలుసు. పద్నాలుగు, పదహారు, పద్దెనిమిదేళ్ళ పిల్లలున్నారు చూడండి, పొద్దున అయిదింటికి పీటీసీ గ్రౌండ్‌లో పరిగెత్తి, ఇంటికి పోయి చద్దన్నం తిని స్కూలుకు పోయేవాళ్ళు, ఊరు పట్టించుకోవాల్సింది వాళ్ళను, ఆ వయసులోనే. నేను ఈ పని రెండేళ్ళుగా చేస్తున్నాను, పెద్ద ఖర్చేమీ లేదు, ఏది పనిచేసిందో ఏది పనిచేయలేదో రాస్తాను, కర్నూలులో కడపలో ఉన్నోళ్ళు ఎవరైనా మీ వీధిలో మొదలుపెట్టుకోవచ్చు.

మొదట ఈ పోటీలు ఏవేంటో మనకు తెలియాల, అది తెలీకుండా పదిమందికి చెప్పలేము. అన్ని ఆటలూ ఒకేచోట జరిగేవి కొన్ని ఉన్నాయి, వాటిలో అన్నిటికన్నా పెద్దది యూత్ ఒలింపిక్స్. 2010లో సింగపూర్‌లో మొదలైంది, తర్వాత 2014లో నాంజింగ్, 2018లో బ్యూనస్ ఏరీస్. నాలుగోది 2022లో జరగాల్సింది, కరోనా వల్ల వెనక్కి పోయింది, 2026 అక్టోబర్ 31 నుంచి నవంబర్ 13 వరకు సెనెగల్ దేశంలో డాకార్‌లో అని షెడ్యూల్. ఆఫ్రికా ఖండంలో ఒలింపిక్స్ పేరుతో జరిగే మొట్టమొదటి ఈవెంట్ అదే, 25 ఆటలు, దాదాపు 2,700 మంది పిల్లలు, మగపిల్లలెంతమందో ఆడపిల్లలూ అంతే. దీని మాదిరే ఏషియన్ యూత్ గేమ్స్, కామన్వెల్త్ యూత్ గేమ్స్ ఉన్నాయి, కామన్వెల్త్ యూత్ గేమ్స్ 2008లో మన పుణెలోనే జరిగినాయి. ఇంక ఒక్కో ఆటకు విడిగా జరిగేవి వేరే, అథ్లెటిక్స్‌కు అండర్ 20 వరల్డ్ ఛాంపియన్‌షిప్స్, ఫుట్‌బాల్‌కు అండర్ 17 వరల్డ్ కప్, క్రికెట్‌కు అండర్ 19, హాకీకి జూనియర్ వరల్డ్ కప్, బ్యాడ్మింటన్‌కు వరల్డ్ జూనియర్స్, చెస్‌కు వరల్డ్ జూనియర్. స్కూలు పిల్లలకు మాత్రమే జరిగే జిమ్నాసియాడ్ అని ఒకటి ఉంది.

ఈ లిస్టు జనాలకు చదివి వినిపిస్తే ఒక్కడూ వినడు, నేను చేసి చూసినాను. కథ చెప్తే వింటారు. నేను ఎక్కువగా చెప్పేది నీరజ్ చోప్రాది. 2016 జూలైలో పోలండ్‌లో బిడ్‌గోష్ అనే ఊర్లో అండర్ 20 ఛాంపియన్‌షిప్‌లో జావెలిన్ 86.48 మీటర్లు విసిరినాడు, జూనియర్ వరల్డ్ రికార్డు. ఆ ఏడాది రియో ఒలింపిక్స్‌కు క్వాలిఫై కావాలంటే 83 మీటర్లు చాలు, కానీ ఆ గడువు అంతకు కొన్ని రోజుల ముందే, జూలై 11తోనే అయిపోయింది, అందుకని రియోకు పోలేకపోయినాడు. ఇది చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాల, అయ్యో అంటారు, ఆ తర్వాత టోక్యోలో గోల్డ్ వాళ్ళకు ఇంకో రకంగా అర్థమవుతాది. ఆడపిల్లలకైతే హిమా దాస్‌ది చెప్తాను, 2018లో ఫిన్లాండ్‌లో టాంపెరెలో 400 మీటర్లు, 51.46 సెకన్లు, చివరి 80 మీటర్ల దాకా వెనకే ఉండి ఆఖర్లో అందరినీ దాటేసింది. ఆ రేసు వీడియో ఫోన్లో చూపిస్తే నిమిషం కూడా పట్టదు, ఆ నిమిషం చాలు. అదే ఏడాది బ్యూనస్ ఏరీస్‌లో మిజోరాం పిల్లోడు జెరెమీ లాల్‌రిన్నుంగా పదిహేనేళ్ళకే వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు లిఫ్టులూ కలిపి 274 కిలోలు ఎత్తినాడు, యూత్ ఒలింపిక్స్‌లో ఇండియాకు అదే మొదటి గోల్డ్. షూటింగ్‌లో మను భాకర్ గోల్డ్ కొట్టింది కూడా అక్కడే, ఆరేళ్ళ తర్వాత పారిస్‌లో రెండు మెడల్స్ తెచ్చిందాకా మన వీధిలో చాలామందికి ఆమె పేరు కూడా తెలీదు. మన తెలుగోళ్ళవి అడిగితే చెస్ చెప్పండి, కోనేరు హంపి 2001లో, పెంటేల హరికృష్ణ 2004లో, ద్రోణవల్లి హారిక 2008లో, ముగ్గురూ వరల్డ్ జూనియర్ ఛాంపియన్లే.

కథలైన తర్వాత బోర్డు. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. షాపు బయట, టీ అంగడికి మా అంగడికి మధ్య గోడ మీద, నాలుగు అడుగుల బై మూడు అడుగుల వైట్ బోర్డు కొట్టించినాను. ఫ్లెక్సీ కాదు. ఫ్లెక్సీ రెండు రోజులు చూస్తారు, మూడోరోజు నుంచి అది గోడలో కలిసిపోతాది, ఎవ్వరి కంటికీ కనిపించదు. బోర్డు మీద రోజూ చేత్తో రాస్తే మాత్రం టీ తాగేవాడు ఈరోజు ఏం రాసినాడబ్బా అని తిరిగి చూస్తాడు. నాలుగు లైన్లే రాయాల, అయిదో లైను రాస్తే ఎవరూ చదవరు. ఎవరు, యాడ, ఎప్పుడు, యాడ చూడాల. అంతే. ఎప్పుడు అనేది మన టైంలోనే రాయాల, అది శానా ముఖ్యం, అక్కడి టైం రాస్తే ఎవురూ లెక్కేసుకోరు. డాకార్‌కూ మనకూ అయిదున్నర గంటల తేడా, అక్కడ సాయంత్రం అయిదైతే మనకు రాత్రి పదిన్నర. 2026 అండర్ 20 అథ్లెటిక్స్ ఆగస్టు 5 నుంచి 9 వరకు అమెరికాలో యూజీన్‌లో, పన్నెండున్నర గంటల తేడా, అక్కడ సాయంత్రం ఆరుకు జరిగే ఫైనల్ మనకు మరుసటి రోజు పొద్దున ఆరున్నరకు వస్తాది. కాబట్టి తేదీ కూడా మార్చి రాయాల, నేను ఒకసారి తేదీ మార్చకుండా రాస్తే ఇద్దరు పిల్లలు ఒకరోజు ముందే పొద్దున్నే లేచి ఫోన్ పట్టుకుని కూర్చున్నారంట, పాపం, అప్పటినుంచి రెండుసార్లు లెక్క చూసుకుని రాస్తున్నాను.

ఒకేసారి పది ఆటలు రాయొద్దండి. మీ ఊర్లో పిల్లలు ఏ ఆట ఆడతారో ఆ ఒక్కటి పట్టుకోండి. మా దగ్గర హాకీ, ఫుట్‌బాల్, క్రికెట్, అథ్లెటిక్స్ నడుస్తాయి, ఎందుకంటే ఆర్డీటీ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ ఉంది, ఫెర్రర్ సార్ పెట్టిన సంస్థ, పల్లె పిల్లలు శానా మంది అక్కడే ఆట నేర్చుకున్నారు, బత్తలపల్లి, కళ్యాణదుర్గం వైపు ఊర్లలో కూడా ఆడపిల్లలు హాకీ స్టిక్ పట్టుకుని కనిపిస్తారంటే దానివల్లే. ఇండియాకు ఆడిన బారెడ్డి అనూష కూడా అక్కడి నుంచే పోయింది. కడపలో పుట్లంపల్లి దగ్గర స్పోర్ట్స్ స్కూల్ ఉంది, ఆ పిల్లల ఆటలు ఏవో కనుక్కుని అవి రాయండి. కర్నూలులో మీ ఇండోర్ స్టేడియంలో సాయంత్రం ఏ ఆటకు ఎక్కువమంది పిల్లలు వస్తున్నారో నిలబడి చూడండి, ఒక వారం చూస్తే తెలిసిపోతాది.

తర్వాత, అందరూ కలిసి చూడడం. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం, అండర్ 19 ఆడపిల్లల టీ20 వరల్డ్ కప్ ఫైనల్, మలేషియాలో కౌలాలంపూర్‌లో, మధ్యాహ్నం పన్నెండుకు. శనివారం బోర్డు మీద రాసినాను, షాపులో ఉన్న పాత 32 ఇంచుల టీవీ బయటికి పెట్టినాను, పక్కన టెంట్ హౌస్ ఆయన్ని అడిగితే పన్నెండు కుర్చీలు ఊరికే ఇచ్చినాడు. మొదట ఆరుగురు వచ్చినారు. సౌతాఫ్రికా 82కే ఆలౌట్ అయింది, అందులో మూడు వికెట్లు గొంగడి త్రిషవే, పదిహేను రన్సే ఇచ్చి. భద్రాచలం పిల్ల అని చెప్పినాను. అప్పుడు వెనక నిలబడిన ఒక పాప, ఏడో క్లాసు ఉంటాది, చేతిలో కొత్తిమీర కట్ట, వాళ్ళమ్మ కూరగాయలకు పంపించినట్టుంది, అన్నా భద్రాచలం అంటే రాములోరి గుడి ఉండే ఊరే కదా అనింది. అవునమ్మా అంటే, ఆ ఊర్లో గ్రౌండ్ ఉందా అని అడిగింది. నాకు సమాధానం తెలీదు. ఆ పాప కొత్తిమీర కట్ట పట్టుకుని మ్యాచ్ అయిపోయేవరకు కదలలేదు, త్రిష 44 నాటౌట్, పన్నెండో ఓవర్లోనే అయిపోయింది, ఆఖరికి చూస్తే ముప్పై మంది దాకా ఉన్నారు, రోడ్డు మీద బైకులాపి చూస్తున్నోళ్ళు కూడా. ఆ పాప ఇప్పుడు పీటీసీ గ్రౌండ్‌కు వస్తాది. క్రికెట్‌కు కాదు, లాంగ్ జంప్‌కు. ఏ ఆటకు వచ్చినా సంతోషమే.

చూపించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. లింకు ముందురోజే ఓపెన్ చేసి చూడండి, మ్యాచ్ మొదలయ్యాక వెతుక్కుంటుంటే జనం లేచిపోతారు. క్రికెట్ అయితే టీవీలో వస్తాది, సమస్య లేదు. మిగతా ఆటలకు ఆ ఆట ప్రపంచ ఫెడరేషన్ వాళ్ళ యూట్యూబ్ ఛానల్ మొదట చూడాల, బ్యాడ్మింటన్ జూనియర్లు, అండర్ 20 అథ్లెటిక్స్ అట్లనే చూసినాము, తర్వాత యూత్ ఒలింపిక్స్‌కైతే ఒలింపిక్స్ వాళ్ళ సొంత సైటు. ఫోన్ నుంచి టీవీకి వైఫైతో కనెక్ట్ చేస్తే మధ్యమధ్యలో ఆగుతాది, ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి, రెండు వందలకు దొరుకుతాది. ఆట తెలియనోళ్ళకు రెండు ముక్కలు మీరే చెప్పాల, హాకీలో పెనాల్టీ కార్నర్ ఎందుకిచ్చినారు, వాక్ రేసులో పిల్లను ఎందుకు బయటికి పంపినారు అని, లేకుంటే పదినిమిషాలకు ఫోన్లు తీస్తారు. రాత్రి పూట పడేవాటికి జనం రారు, వాటికి తెల్లారి హైలైట్స్ పెట్టుకోండి. డాకార్ గేమ్స్ మధ్యలో దీపావళి కూడా వస్తాది, నవంబర్ 8, ఆ రోజు ఇండియా వాళ్ళది ఏదైనా ఫైనల్ పడితే టపాకాయలు కాల్చడానికి వీధిలో ఎట్లాగూ అందరూ ఉంటారు, టీవీ బయట పెట్టేయడమే.

స్కూల్లో చెప్పాలంటే పీఈటీ సారును పట్టుకోండి, ఆయన వద్దనే సమస్యే లేదు, ఆయన మాట వినేవాళ్ళే తక్కువ. హెచ్ఎం దగ్గర పర్మిషన్ అడిగేటప్పుడు గంట అడగొద్దు, పొద్దున అసెంబ్లీలో మూడు నిమిషాలు అడగండి. వార్తలు చదివే పిల్లకే ఆ చీటీ ఇచ్చి చదివించండి, మనం పోయి మాట్లాడేదానికన్నా క్లాస్‌మేట్ చదివితే పిల్లలు వింటారు.

కుదిరితే నేరుగా చూపించండి. 2025 నవంబర్ 28 నుంచి డిసెంబర్ 10 వరకు జూనియర్ హాకీ వరల్డ్ కప్ చెన్నైలో మదురైలో జరిగింది, 24 దేశాలు, టికెట్ ఫ్రీ. చెన్నై అంటే కడప నుంచి రాత్రి రైలెక్కితే పొద్దునకు పోతాము, ఎగ్మోర్‌లోనే స్టేడియం. మన ఇండియా పిల్లలు సెమీస్‌లో జర్మనీ చేతిలో ఓడిపోయి, బ్రాంజ్ మ్యాచ్‌లో అర్జెంటీనా మీద రెండు గోల్స్ వెనకబడి, చివరి క్వార్టర్‌లో నాలుగు గోల్స్ కొట్టి గెలిచినారు. ఇంత దగ్గర్లో, ఫ్రీగా, ఇట్లాంటి మ్యాచ్ జరుగుతుంటే మన సీమ నుంచి ఒక్క స్కూలు బస్సు అయినా పోయిందా అని నాకు ఇప్పటికీ బాధే. నేను తెలుసుకున్నదే మధ్యలో, నలుగురు పిల్లల్ని తీసుకుపోయేదానికి వాళ్ళ ఇళ్ళల్లో ఒప్పించేసరికి టైం అయిపోయింది. కాబట్టి ఏడాది మొదట్లోనే కూర్చుని, ఆ ఏడాది మన దేశంలో ఏ జూనియర్ పోటీలున్నాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. 2017లో అండర్ 17 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మన దేశంలో జరిగినప్పుడు మొత్తం 13,47,133 మంది స్టేడియాలకు పోయి చూసినారు, ఆ టోర్నమెంట్ చరిత్రలోనే అదే రికార్డు. మన టీం మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది, అయినా కొలంబియా మీద జీక్సన్ సింగ్ తలతో కొట్టిన ఆ ఒక్క గోల్, ఇండియాకు ఫిఫా వరల్డ్ కప్‌లలో మొట్టమొదటి గోల్, ఆ రోజు స్టేడియంలో ఉన్నోళ్ళు జన్మలో మర్చిపోరు. జనానికి ఆసక్తి లేదు అనే మాట నేను ఒప్పుకోను. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు మన ఆర్డీటీ స్టేడియంలో పెడితే ఎండలో ఎంత జనం వచ్చినారో చూసినాము కదా.

ఇప్పుడు వాట్సాప్ మెసేజ్ సంగతి. మీ ఊరి పిల్ల సెలెక్ట్ అయిందని తెలిస్తే ముందు ఆ లెటర్ కళ్ళతో చూడండి, లేకుంటే కోచ్‌ను అడగండి. స్టేట్ క్యాంపుకు పిలిస్తే ఇండియా టీంకు సెలెక్ట్ అని, యూత్ గేమ్స్ అయితే ఏకంగా ఒలింపిక్స్‌కు అని గ్రూపుల్లో తిప్పేస్తారు, తర్వాత ఆ పిల్ల ఫైనల్ లిస్టులో లేకపోతే ఊరంతా ఏమైంది ఏమైంది అని అడుగుతారు, ఆ పిల్లకు మొహం చూపించుకోలేని పరిస్థితి వస్తాది. పేరు, ఊరు, ఆట, వయసు విభాగం, ఏ తేదీన ఎవరితో. ఇంతకుమించి వద్దు. వాళ్ళంతా మైనర్లు, ఫోటో పెట్టేముందు అమ్మానాన్నలను అడగాల, ఫోన్ నంబర్, ఇంటి అడ్రసు, ఆధార్ కనిపించే కాగితాలు అస్సలు పెట్టొద్దు. ఆడపిల్ల రోజూ ఏ టైంకు ఏ గ్రౌండ్‌కు పోతుందో కూడా రాయొద్దు. ఫ్లెక్సీ వేస్తే పిల్ల ఫోటోనే పెద్దగా ఉండాల, పైన లీడర్ల ఫోటోలు పదహారు పెట్టి కింద మూలలో స్టాంపు సైజులో పిల్లను పెట్టే డిజైన్ నేను చేయను అని షాపులో చెప్పేసినాను, ఒకరిద్దరు కోపంగా వెళ్ళిపోయినారు, పర్వాలేదు. పేపరు విలేకరులకు సాయంత్రం నాలుగులోపే వివరాలు పంపండి, రాత్రి పంపితే జిల్లా ఎడిషన్‌లో చోటుండదు. ఆకాశవాణి అనంతపురం, కడప, కర్నూలు మూడుచోట్లా ఉంది, పల్లెల్లో ఇప్పటికీ పొలాల దగ్గర రేడియో పెడతారు, వాళ్ళకు ఒక ఉత్తరం రాసి చూడండి.

ఇంక అన్నిటికన్నా ముఖ్యమైనది, దీన్ని మాత్రం దయచేసి మీ చుట్టుపక్కల ప్రతి తల్లిదండ్రికీ చెప్పండి. ఇంటర్నేషనల్ అనే పేరుతో మోసాలు శానా జరుగుతున్నాయి. ఒక నాన్న, ఆటో నడుపుతాడు, రెండేళ్ళ కింద మా షాపుకు కొడుకు సర్టిఫికెట్ లామినేషన్‌కు తెచ్చినాడు. పక్క దేశంలో ఇంటర్నేషనల్ ఛాంపియన్‌షిప్, గోల్డ్ మెడల్, బంగారు రంగు బోర్డరు, పెద్ద పెద్ద అక్షరాలు. ఆయన మొహంలో ఆ సంతోషం చూసి నేను కూడా స్వీట్ తినిపించినాను. ముప్పై అయిదు వేలు కట్టినాడంట, వడ్డీకి తెచ్చి. తర్వాత పిల్లోడి స్పోర్ట్స్ కోటా అప్లికేషన్‌కు ఆ సర్టిఫికెట్ పెడితే చెల్లదన్నారు, ఆ సంస్థకు గుర్తింపే లేదు. ఆయన ఆ లామినేషన్ కాగితం మళ్ళీ మా టేబుల్ మీద పెట్టి, అన్నా ఇందులో ఏం తప్పుందో చూడు, స్పెల్లింగ్ తప్పేమైనా ఉందా, సరిచేసి ఇయ్యి అన్నాడు. స్పెల్లింగ్ అన్నీ కరెక్టే ఉన్నాయి. ఆయనకు ఎట్ల చెప్పాలో నాకు మాట రాలేదు.

కాబట్టి ఎవరైనా మీ పిల్లోడు ఇంటర్నేషనల్‌కు సెలెక్ట్ అయినాడు అంటే మొదట అడగాల్సింది, సెలక్షన్ ట్రయల్స్ యాడ జరిగినాయి, ఎవరెవరిని ఓడించి సెలెక్ట్ అయినాడు. నిజంగా దేశానికి ఆడాలంటే దారి ఒకటే, జిల్లా, తర్వాత స్టేట్, తర్వాత నేషనల్స్, తర్వాత క్యాంపు, అప్పుడు ఇండియా టీం. స్కూల్ గేమ్స్ అయితే అండర్ 14, 17, 19 అని మండలం నుంచి మొదలవుతాది. ఈ మెట్లేవీ ఎక్కకుండా డబ్బు కడితే నేరుగా విదేశానికి అంటే నమ్మొద్దు. రెండోది, కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ గుర్తించిన ఫెడరేషన్ల లిస్టు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటాది, ఆ పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి, ఎందుకంటే అసలు పేరుకు ముందు వెనక ఒక మాట కలిపి అచ్చం అట్లనే కనిపించే పేర్లు పెట్టుకుంటారు. అర్థం కాకుంటే జిల్లా స్పోర్ట్స్ ఆఫీసులో పోయి అడగండి, శాప్, అంటే రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ, సర్టిఫికెట్లను ఎట్ల చూస్తుందో వాళ్ళకు తెలుసు. మూడోది, డబ్బు ఎవరి ఫోన్‌పేకు పోతాంది, మనిషి పేరు మీదికి పోతుంటే అక్కడే ఆగిపోండి. ఆడపిల్లలైతే టీంతో పాటు ఆడ మేనేజర్ గానీ ఆడ కోచ్ గానీ వస్తున్నారా, పేరేంటి, ఫోన్ చేసి మాట్లాడండి. ఈ ప్రశ్నలు నేను ఏ4 కాగితం మీద టైపు చేసి షాపు అద్దానికి అంటించినాను, అడిగినోళ్ళకు ఫ్రీగా జిరాక్స్ ఇస్తాను.

కాగితాలు కూడా మన పనిలో భాగమే, నాకు ఇదే తెలిసిన పని కాబట్టి చెప్తున్నాను. బాగా ఆడే పిల్ల వయసు కాగితం దగ్గర ఆగిపోతే అంతకన్నా అన్యాయం లేదు. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూలు రికార్డు, మూడింటిలో పుట్టిన తేదీ, పేరు ఒకటే ఉండాల, ఇంటిపేరు ఒకదాంట్లో ముందు ఒకదాంట్లో వెనక ఉంటే కూడా ఇబ్బందే. పుట్టినప్పుడు రిజిస్టర్ చేయించకుండా ఏడాది దాటిపోతే ఆర్డీఓ ఆర్డరు కావాల, తిరగాల్సి వస్తాది, కాబట్టి పదేళ్ళప్పుడే చూసుకోండి, పదహారేళ్ళప్పుడు సెలక్షన్ ముందురోజు కాదు. వయసు తక్కువ చూపిద్దాం అనే ఆలోచన అస్సలు పెట్టుకోవద్దు, ఎడమ చెయ్యి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, దొరికిపోతే పిల్లోడి పేరు పాడవుతాది. ఇండియా క్యాంపు దాకా పోయే అవకాశం ఉన్న పిల్లకు పాస్‌పోర్ట్ ముందే తీయించండి. ఇంకో మాట, జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడి, బలానికి సూది అంటే ఒప్పుకోవద్దు, జూనియర్లకు కూడా నాడా, అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, వాళ్ళు డోప్ టెస్ట్ చేస్తారు, జలుబు మందు వేసుకున్నా కోచ్‌కు చెప్పే వేసుకోవాల.

ఖేలో ఇండియా గురించి కూడా తల్లిదండ్రులకు చెప్పండి, ఆ స్కీం కింద సెలెక్ట్ అయిన పిల్లలకు ట్రైనింగ్, తిండి, హాస్టల్ ఖర్చులతో కలిపి ఏడాదికి 6.28 లక్షల దాకా ఇస్తారు, అందులో నెలకు పదివేలు చేతిఖర్చుకు. ఆట ఆడితే ఏమొస్తాది అనే నాన్నకు ఇది చెప్తే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

ఓడి వచ్చిన పిల్ల సంగతి కూడా రాయాల. గెలిస్తే ఎట్లాగూ డప్పులు, దండలు, ఓపెన్ టాప్ జీపు ఉంటాయి. మా వీధి పిల్ల ఒకామె పోయిన ఏడాది నేషనల్స్‌కు పోయింది, 800 మీటర్లు, హీట్స్‌లోనే అయిపోయింది. తిరిగి వచ్చే రోజు బస్టాండ్‌లో వాళ్ళ నాన్న ఒక్కడే ఉంటాడని తెలిసి మేము అయిదారుగురం పోయినాము, దండలేవీ తీసుకుపోలేదు. పొద్దున ఆరున్నర, బస్సు దిగి మమ్మల్ని చూసి బ్యాగు వెనక మొహం దాచుకుంది. ఎవరూ ఓదార్చే మాటలు చెప్పలేదు, అది ముందే అనుకుని పోయినాము. క్లాక్ టవర్ దగ్గర హోటల్లో ఉగ్గాణి బజ్జీ తినిపించి, ట్రాక్ ఎట్లుందమ్మా అని అడిగినాము. సింథటిక్ ట్రాక్ మీద మొదటిసారి పరిగెత్తినాను అన్నా, కాలు కింద ఎగిరినట్టు ఉంటాది, మొదటి 400 ఆ ఊపులో శానా ఫాస్టుగా పోయినాను, రెండో రౌండులో కాళ్ళు రాయి అయిపోయినాయి అనింది. పక్క లైన్లో పరిగెత్తిన కేరళ పిల్ల ఎట్ల ఊపిరి తీసుకుంటాదో చేసి చూపించింది, బజ్జీ చేతిలో పట్టుకునే. అరగంట మాట్లాడింది. మన మట్టి గ్రౌండ్‌కూ ఆ ట్రాక్‌కూ తేడా ఏందో నాకు ఆ రోజే సరిగ్గా అర్థమైంది, మన జిల్లా పిల్లలకు పోటీకి ముందు ఒక పదిరోజులైనా సింథటిక్ మీద ప్రాక్టీస్ కావాలని ఆ పిల్ల మాటల్నే కాగితం మీద పెట్టి పదకొండు మంది తల్లిదండ్రుల సంతకాలతో అర్జీ ఇచ్చినాము. జవాబు ఇంకా రాలేదు, నెలకొకసారి పోయి అడుగుతున్నాము.

మీరు కూడా పిల్లలు తిరిగి వచ్చినప్పుడు ఎన్నో ప్లేసు అని కాకుండా అక్కడ ఏం చూసినారో అడగండి, వాళ్ళు చెప్పింది రాసి పెట్టుకోండి. మా బోర్డు పక్కన ఇప్పుడు ఒక నోటుబుక్కు దారంతో కట్టి వేలాడదీసినాము, ఎవరు యాడికి పోయి ఆడొచ్చినా అందులో ఒక పేజీ రాస్తారు. ఇరవై మూడు పేజీలు అయినాయి. మొన్న ఆ కొత్తిమీర పాప వచ్చి, నేను కూడా రాయొచ్చా అన్నా, మండలం మీటే కదా అని అడిగింది. ఇరవై నాలుగో పేజీ ఆమెదే, 4.12 మీటర్లు అని పెద్ద అక్షరాలతో రాసి, కింద బొమ్మ గీసింది, ఇసుక గుంట, పక్కన టేపు పట్టుకున్న సారు.